సీమలక్ష్ముల అప్పగింతలు

అనగా అనగా, చెప్పేవాళ్లకు ఓపికా వినేవాళ్లకు తీరికా ఉన్న కాలంలో, సముద్రం ఒడ్డున గుల్లలరేవు అనే పట్నం ఉండేది.

ఆ పట్నంలో ఓడలకు మోకులు పేనించి అమ్మే వర్తకుడు అయ్యన్నశెట్టి. ఆయనకు ఇద్దరు కొడుకులు. పెద్దవాడు కూర్మయ్య, చిన్నవాడు నరహరి. పెద్దకోడలు కన్యకమ్మ, చిన్నకోడలు రంగనాయకి. కథ మాత్రం కన్యకమ్మది. వినండి పిల్లలూ, మీ వెనక కూర్చున్న పెద్దవాళ్లను కూడా వినమనండి. ఇందులో వాళ్లకు తగలాల్సిన మాటలే ఎక్కువ.

ఒకనాడు దూరదేశపు ఓడ ఒకటి తుఫానులో మోకులన్నీ తెంపుకుని రేవుకు చేరింది. అయ్యన్నశెట్టి అడగకముందే కొత్త మోకులు పంపించాడు. ఆ ఓడ నాయకుడు సంతోషించి, మర్నాడు ఒక బుట్ట చేతపట్టుకుని శెట్టి ఇంటికి వచ్చాడు. మూత తీస్తే లోపల మూడు జంతువులు. కుందేళ్లనుకుందామంటే చెవులు చిన్నవి. ఎలుకలనుకుందామంటే తోకలు లేవు. నల్లపూసల్లాంటి కళ్లతో, ఒకదాని వెనక ఒకటి దూరి, ముక్కులు కదుపుతూ ఉన్నాయి.

"ఏమిటివి?" అని అడిగాడు శెట్టి.

వెంట వచ్చిన దుబాసీ ఆ మాటను ఓడ నాయకుడి భాషలో అడిగాడు. జవాబు విని కాసేపు నసిగాడు. "వాళ్ల దేశంలో వీటిని పందులంటారటండి," అన్నాడు.

ఇంటిల్లిపాదీ ఒక అడుగు వెనక్కి వేశారు.

"శ్రావణమాసం పూట నా గడపలోకి పందిని తెచ్చాడా?" అన్నాడు శెట్టి. "పట్టుకుపొమ్మను."

ఆ మాట ఓడ నాయకుడికి అర్థం కాలేదు. తన కానుక బాగా నచ్చిందనుకుని, నవ్వుతూ దండం పెట్టి వెళ్లిపోయాడు.

బుట్ట పెరట్లో పడింది. ఆ సాయంత్రమే, ఎన్నాళ్లుగానో జాడ తెలియని శెట్టిగారి సొంత ఓడ కొబ్బరిపీచు నింపుకుని రేవులోకి వచ్చింది. శెట్టి పరుగున రేవుకు వెళ్లి, పరుగున తిరిగొచ్చి, పెరట్లో బుట్ట ముందు చేతులు జోడించాడు.

"ఎవడన్నాడు వీటిని పందులని? ఇవి సీమ నుంచి మన ఇల్లు వెతుక్కుంటూ నడిచొచ్చిన లక్ష్ములు."

"ఓడలో వచ్చాయి కదా మావయ్యగారూ," అని రంగనాయకి అనబోయి నాలుక కరుచుకుంది.

పొద్దున పందులు, పొద్దుగూకేసరికి లక్ష్ములు. జంతువులు మాత్రం అవే. వాటికి పొద్దున ఎంత ఆకలేసిందో సాయంత్రమూ అంతే వేసింది. ఆ సంగతి ఎవరికీ తట్టలేదు. కన్యకమ్మ ఒక్కతే కొడవలి తీసుకుని పెరటి గోడవార గరిక కోసి తెచ్చి బుట్టలో వేసింది.

అప్పటినుంచి ఆ పని ఆమెదే అయింది. ఎవరూ చెప్పలేదు, ఎవరూ వద్దనలేదు. ఇళ్లలో పనులు ఆడవాళ్ల మీదికి ఇలాగే వచ్చి కూర్చుంటాయి.

ఆమె వాటికి పిలుచుకోవడానికి పేర్లు పెట్టుకుంది. గోధుమరంగుది బెల్లం. తెల్లనిది సున్నం. నల్లనిది మసి. సీమలక్ష్ములన్నది మగవాళ్లు నలుగురిలో చెప్పుకునే పేరు. బెల్లం, సున్నం, మసి అన్నవి గడ్డి వేసేటప్పటి పేర్లు.

కథ కనుక అవి మాట్లాడేవి. కానీ దగ్గర కూర్చుని వినే తీరిక ఉన్నవాళ్లతోనే మాట్లాడేవి. అందుకని ఆ ఇంట్లో వాటి మాట కన్యకమ్మకు తప్ప ఎవరికీ వినపడలేదు.

"అమ్మా, మేము ముగ్గురం ఒకరి ఒంటికి ఒకరం ఆనుకుంటేనే మాకు నిద్ర," అంది బెల్లం.

"అమ్మా, పైనుంచి నీడ పడితే మాకు గుండె ఆగిపోతుంది. మమ్మల్ని ఎత్తేటప్పుడు పక్కనుంచి చెయ్యి పెట్టు," అంది సున్నం.

మసి సిగ్గరి. అది మాట్లాడేది కాదు. గడ్డి రాగానే మిగతా రెండింటికంటే ముందు కూత పెట్టేది. సన్నగా, ఈలలా, వీధి దాకా వినిపించే కూత.

ఇక ఆ ఇంటివాళ్ల ప్రేమ సంగతి వినండి.

శుక్రవారం వచ్చింది. అయ్యన్నశెట్టి మూడింటినీ ఇత్తడి పళ్లెంలో కూర్చోబెట్టి, నుదుట పసుపు రాసి, కుంకుమ అద్ది, సాంబ్రాణి పొగ పట్టాడు. పొగకు వాటి కళ్లు నీళ్లు కారాయి. "చూశారా, ఆనందబాష్పాలు," అన్నాడు శెట్టి. ఆ తర్వాత నేతిలో వేయించిన పూర్ణం బూరెలు ముందు పెట్టాడు.

"మావయ్యగారూ, ఇవి గడ్డి తినేవి. తీపీ నెయ్యీ వీటికి పడవు," అంది కన్యకమ్మ.

"లక్ష్మికి నైవేద్యం వద్దనే కోడల్ని నేను ఇప్పుడే చూస్తున్నాను," అన్నాడు శెట్టి.

"పోనీ ముందు పెట్టి తీసేయండి, తిననివ్వకండి."

"దేవుడు తింటానంటే పూజారి వద్దంటాడా?" అన్నాడు నరహరి. అందరూ నవ్వారు.

బెల్లం వాసన చూసి వదిలేసింది. మసి వెనక్కి తిరిగి కూర్చుంది. సున్నం తిన్నది. ప్రతి శుక్రవారం తిన్నది. ఒక శుక్రవారం దాని పొట్ట తప్పెటలా ఉబ్బింది. కన్యకమ్మ దాన్ని ఒళ్లో పెట్టుకుని పొట్ట నిమిరింది, వామునీళ్లు పట్టింది. "నొప్పిగా ఉందమ్మా," అంది సున్నం.  మధ్యాహ్నానికి ప్రాణం పోయింది.

"వైకుంఠానికి వెళ్లిపోయింది, అదృష్టం," అన్నాడు శెట్టి. పురోహితుణ్ణి పిలిపించి అడిగితే, ఇకమీదట నైవేద్యంలో నెయ్యి కాస్త తగ్గించమన్నాడు.

ఇక్కడ మీకు కోపం రావాలి. రాకపోతే మిగతా కథ వినడం దండగ.

ఆ ఏడు చలికాలంలో అయ్యన్నశెట్టి మంచాన పడి, కొద్దిరోజులకే పోయాడు. పన్నెండో రోజు విస్తళ్లు ఎత్తకముందే అన్నదమ్ములు పంపకాల మాట ఎత్తారు. తండ్రి ఉన్నన్నాళ్లూ నోరెత్తని కొడుకులు, తండ్రి పడుకున్న మంచం ఎవరిదన్న దగ్గర మొదలుపెట్టి, రోటి దాకా, రోకటి దాకా వచ్చారు. పేటపెద్ద గున్నయ్యశెట్టి మధ్యవర్తిగా కూర్చున్నాడు. అన్నిటికీ ఏదో ఒకటి తేలింది. చివరికి పెరట్లో బుట్ట దగ్గర ఆగారు.

"పెద్దవాణ్ణి నేను. లక్ష్ములు నా వాటాలోకే రావాలి," అన్నాడు కూర్మయ్య.

"లక్ష్మి అంతా అన్నయ్యకు పోతే నేను కొట్టు తెరిచి ఈగలు తోలుకోవాలా?" అన్నాడు నరహరి.

గున్నయ్యశెట్టి కళ్లు మూసుకుని ఆలోచించాడు. "రెండున్నాయి, ఇద్దరున్నారు. ఇందులో తగువేముంది? చెరొకటి," అన్నాడు.

కన్యకమ్మ వంటింటి గుమ్మంలోంచి అంది: "అవి విడిగా బతకవండి. ఒకదానికి ఒకటి ఆనుకుంటే గాని నిద్రపోవు."

"అన్నదమ్ములమే విడిపోతుంటే లేనిది, వాటికేం వచ్చింది వదినా?" అన్నాడు నరహరి.

ఆ మాట గొప్పగా ఉందనుకుని నలుగురూ తలలాడించారు. బెల్లం కూర్మయ్యకు, మసి నరహరికి వచ్చాయి. ఇంటి నడుమ, పెరటి నడుమ, మనిషెత్తు గోడ లేచింది.

గోడకు ఇటువైపు బెల్లం కూతపెడితే అటువైపు మసి కూత పెట్టేది. పొద్దున మొదలుపెడితే సాయంత్రం దాకా అదే. వీధినపోయేవాళ్లు నిలబడి విని, "శెట్లది భాగ్యమంటే భాగ్యం. ఇంట్లో సంగీతం," అనుకుంటూ వెళ్లేవాళ్లు.

"అమ్మా, మసి పిలుస్తోంది. మేమేం తప్పు చేశాం?" అని అడిగింది బెల్లం.

"మీరేం చేయలేదురా. మీరు వచ్చిన రోజునే ఆ ఓడ కూడా వచ్చింది. అంతే," అంది కన్యకమ్మ.

కొన్నాళ్లకు అటువైపు కూత తగ్గింది. తర్వాత ఆగిపోయింది.

నీళ్లకు వెళ్లే సందులో రంగనాయకి ఎదురైంది. చుట్టూ చూసి, బిందె దించి, గొంతు తగ్గించింది. "అక్కయ్యా, అది తినడం లేదు. గడ్డి పెడితే చూస్తుంది, ముట్టదు. వెంట్రుకలు రాలిపోతున్నాయి. ఆయనేమో నా చేతి దరిద్రం అంటున్నారు. నాకు దాని పళ్లు చూస్తేనే భయం, నేనేం చేయగలను చెప్పు."

"గడ్డి పెట్టి దగ్గర కూర్చోవే కాసేపు."

"కూర్చుంటే దోసెలెవరు పోస్తారు, నువ్వొచ్చి పోస్తావా? గోడ దూకి రా మరి," అంది రంగనాయకి. అని, తన మాటకు తనే నవ్వబోయి, నవ్వు రాక బిందె ఎత్తుకుంది.

కన్యకమ్మ ఊరికే కూర్చోలేదు. మొదట భర్తను అడిగింది.

"ఏమండీ, బెల్లాన్ని మరిదిగారికి ఇచ్చేద్దాం. రెండూ ఒకచోట బతుకుతాయి."

కూర్మయ్య ఆమెను ఎగాదిగా చూశాడు. "నా లక్ష్మిని మోసుకెళ్లి వాడి గుమ్మంలో దింపుతావా? నువ్వు ఈ ఇంటి మనిషివా, ఆ ఇంటి మనిషివా?"

తర్వాత రంగనాయకి చేత మరిదిని అడిగించింది. మసిని ఇటు పంపమంది. నరహరి గోడ అవతలినుంచి అందరికీ వినపడేలా జవాబు చెప్పాడు. "మా వదిన తెలివి చూశారా? జాలి పేరు చెప్పి రెండు లక్ష్ముల్నీ ఒక గూట్లో పెట్టుకుందామని. చస్తే చావనీ, నా వాటాలోనే చావనీ."

మూడోసారి గున్నయ్యశెట్టి దగ్గరికి వెళ్లింది. "బాబాయిగారూ, ఎవరి జంతువు వాళ్లదే. గోడ అడుగున చిన్న కన్నం పెట్టించండి చాలు. అవి వచ్చిపోతుంటాయి."

గున్నయ్యశెట్టి ఆ మాటకు నిజంగానే భయపడ్డాడు. "కన్నం పెడితే గోడ చెల్లదమ్మా. గోడ చెల్లకపోతే పంపకం చెల్లదు. పంపకం చెల్లకపోతే మధ్యవర్తిగా నా పెద్దరికం ఏం కావాలి?"

ఒకరికి అదృష్టం ముఖ్యం. ఒకరికి పంతం ముఖ్యం. ఒకరికి పెద్దరికం ముఖ్యం. గోడ అవతల ఒక ప్రాణి పస్తుండి ఎండిపోవడం మాత్రం ఎవరికీ పట్టలేదు.

గుల్లలరేవుకు దక్షిణాన ఉప్పుమళ్లు ఉన్నాయి. ఆ ఉప్పుమళ్ల చివర పాడుబడ్డ గిడ్డంగిలో చుక్కమ్మ అని ఒక ఓడవడ్రంగి పెళ్లాం ఉండేది. మగడు సముద్రంలో పోయాక, ఆమె ఊరు వద్దనుకున్న జంతువుల్ని చేరదీయడం మొదలుపెట్టింది. కుంటి గాడిద, గుడ్డి పిల్లి, కూత మానిన చిలక, ఇలాంటివన్నీ ఆమె దగ్గరే ఉండేవి. ఊళ్లోవాళ్లు ఆ చోటును దిక్కులేని సావిడి అనేవాళ్లు. అక్కడికి జంతువును పంపడమంటే పారేయడమే అనుకునేవాళ్లు. పారేసేవాళ్లే ఆ మాట అనుకునేవాళ్లు, అదీ విడ్డూరం.

కన్యకమ్మ బెల్లాన్ని ఇంట్లోనే ఉంచి, చోటు ఎలా ఉందో చూడటానికి ఒక్కతే వెళ్లింది. కింద ఎండుగడ్డి పొడిగా ఉంది. నీళ్ల దాకలు కడిగి ఉన్నాయి. కుంటి గాడిద ఆమెను చూసి పారిపోలేదు. ఆ ఒక్కటీ చూసి ఆమె నిలబడిపోయింది. కొత్త మనిషిని చూసి భయపడని జంతువును ఆమె చూసి చాలాకాలమైంది.

"ఏటమ్మా, శెట్లు నా గుమ్మం తొక్కేది ఎద్దు ముసిలిదైనప్పుడే. నీదేటి, ఎద్దా, ఆవా?" అంది చుక్కమ్మ.

కన్యకమ్మ సంగతంతా చెప్పింది. చుక్కమ్మ అంతా విని అంది:

"నాకా జంతువు తెలీదు. పుట్టి బుద్ధెరిగి చూడలేదు. నువ్వు సెప్పాల. గుమ్మంలో పడేసి పారిపోయినా తీసుకుంటాను, ప్రాణం కదా. కానీ తిట్టుకుంటా తీసుకుంటాను. పద్ధతిగా ఇస్తానంటే అప్పగింతలు చెయ్యాల. ఆడపిల్లని అత్తారికి పంపేటప్పుడు చేస్తారే, అలాగ. ఏటి తింటాది, దేనికి బెదురుతాది, ఎలాగ పడుకుంటాది, అన్నీ సెప్పి నా చేతిలో పెట్టాల. ఒకదాన్ని తెచ్చి ఒకదాన్ని ఉంచుకుంటానంటే మాత్రం నా దగ్గరికి రాకు. నీ మాట ప్రకారం అవి జంట. జంటనే తీసుకుంటాను."

"నేను ఇచ్చేస్తే, వదిలించుకున్నట్టు కాదా?"

"అది నన్నడుగుతావేటి? దాన్నడుగు," అంది చుక్కమ్మ.

కన్యకమ్మ ఇంటికొచ్చి బెల్లం పక్కన కూర్చుంది. అడిగింది.

"మసి ఉంటుందా అక్కడ?" అంది బెల్లం.

"ఉంటుంది."

"నువ్వు?"

"నేనుండను."

బెల్లం ముక్కు కదిపింది. "నువ్వు మంచిదానివి అమ్మా. కానీ రోజంతా నా పక్కన పడుకోలేవు కదా," అంది.

కన్యకమ్మకు ఆ మాట సూదిలా దిగింది. ఆ ఇంట్లో ఆమె అడుగు చప్పుడుకు సంతోషించే ప్రాణి అదొక్కటే. దాన్ని తన దగ్గర ఉంచుకోవాలన్న కోరిక దాని కోసమా, తన కోసమా అని అడుక్కుంటే, జవాబు ఆమెకు నచ్చలేదు. నచ్చని జవాబును ఆమె మింగింది. చాలామంది మింగరు. ప్రేమ అని పేరుపెట్టి ఉమ్మేస్తారు.

ఇక మిగిలింది మసిని బయటికి తీసుకురావడం. అక్కడ ఆమె తెలివికి పని పెట్టింది.

శెట్టిగారి మాసికం వచ్చింది. గోడ ఉన్నా, తగువున్నా, మాసికానికి కొడుకులిద్దరూ పెద్దవాడి ఇంట్లో ఒకచోట కూర్చోక తప్పదు. గున్నయ్యశెట్టీ పేటలోని మరికొందరు పెద్దలూ భోజనానికి వచ్చారు. విస్తళ్లు ఎత్తాక, తాంబూలాల పళ్లెం తెచ్చి కన్యకమ్మ అక్కడే నిలబడింది.

"బాబాయిగారూ, ఒక ధర్మసందేహం. లక్ష్మి అంటే ఇంటి ఆడపిల్లే కదా?"

"అంతేగా మరి. ఆడపిల్లే లక్ష్మి," అన్నాడు గున్నయ్యశెట్టి.

"మరి ఆడపిల్లను పంపకాల్లో వాటా వేసుకున్న ఇల్లు ఈ పేటలో ఎక్కడైనా ఉందా?"

తాంబూలం నోట్లో పెట్టుకోబోయిన చేతులు ఆగాయి. ఆమె తొణక్కుండా సాగించింది.

"మా మావయ్యగారు వీటిని లక్ష్ములన్నారు. మీరంతా ఒప్పుకున్నారు. ఆడపిల్లను మనం ఇస్తాం కాని పంచుకోం. వాటా వేసుకున్నారని పక్క ఊళ్లో తెలిస్తే నవ్వరా? మంచి చోటు చూసి, ఇద్దర్నీ ఒకే ఇంటికి ఇచ్చి, అప్పగింతలు చేసి పంపడం మన ఇంటికి మర్యాద."

పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్ల మాటతోనే వాళ్లను కట్టేసింది మరి. కూర్మయ్య తల దించుకున్నాడు. తన లక్ష్మి తమ్ముడికి పోవడం లేదు కదా అని లోపల కాస్త ఊరట కూడా కలిగింది. నరహరికీ అదే ఊరట.

"అమ్మాయి చెప్పింది సబబే. ఆడపిల్లల్ని ఇవ్వవలసిందే," అన్నాడు గున్నయ్యశెట్టి.

కన్యకమ్మ గుండె కుదుటపడింది. ఆ ఊరట ఎంతోసేపు నిలవలేదు.

"కానీ ఇప్పుడు మూఢం నడుస్తోందే," అన్నాడు పెద్దల్లో ఒకాయన.

"అవునవును. మూఢంలో ఆడపిల్లను సాగనంపుతామా?" అన్నాడు గున్నయ్యశెట్టి. "మూఢం వెళ్లాక, మంచి ముహూర్తం చూసి, సన్నాయి మేళం పెట్టి, ఊరంతా చూసేలా పంపుదాం. ఆడపిల్లలు అంటే మాటలా?"

"ఎప్పుడు వెళుతుందండి మూఢం?"

"వెళుతుందమ్మా, తొందరేముంది? ఈలోగా రెండు పట్టు గుడ్డలు కుట్టించు."

తన తెలివే తిరిగొచ్చి తన దారికి అడ్డంగా నిలబడింది. మూర్ఖుల భాషలో మూర్ఖులతో వాదించి గెలిచినవాళ్లకు ఎప్పుడూ ఇదే తిప్పలు. గెలిచాక కూడా ఆ భాషలోనే ఉండాలి. మూఢం వెళ్లేసరికి మసి ఉండదు. ముహూర్తానికి సన్నాయి మాత్రం వస్తుంది.

ఆమె తాంబూలాల పళ్లెం కింద పెట్టింది.

"నేనన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను," అంది. "అవి లక్ష్ములు కావు. ఆడపిల్లలూ కావు. మిమ్మల్ని ఒప్పించడానికి నేనొక ఎత్తు వేశాను, అది తప్పు. అవి గడ్డి తినే జంతువులు. ఒకటి మీ నైవేద్యం తిని చచ్చింది. ఒకటి మీ గోడ వెనక చస్తోంది. ఆ ఓడ నాయకుడు పందులన్నాడు చూడండి, ఆ మాటే నయం. పందికైతే ముహూర్తం అడగరు, ఆకలి అడుగుతారు."

"కన్యకం, నోరు మూసుకుని లోపలికి నడు," అన్నాడు కూర్మయ్య.

ఆమె లోపలికి నడిచింది. పెద్దలు తాంబూలాలు అందుకున్నారు. మాట విందనుకున్నారు.

కాసేపటికి ఆమె బుట్ట చంకన పెట్టుకుని, అందరి మధ్యనుంచి, వీధి గుమ్మంలోంచి బయటికి వచ్చింది. పెరటి దారిన పోలేదు. నరహరి వాకిలి ముందుకు వెళ్లి నిలబడి, "చెల్లీ," అని పిలిచింది.

పెద్దల మాటలు విని ముందే ఇంటికి వచ్చేసిన రంగనాయకి అప్పటికే తలుపు వెనక ఉంది. చీరకొంగులో మసిని చుట్టి పట్టుకుంది.  మొహం పక్కకు తిప్పుకుని, దాని పళ్లు కనపడకుండా, కొంగుతో సహా అందించింది.

"నువ్వే లాక్కుపోయావని చెబుతాను అక్కయ్యా. ఏమీ అనుకోకు. నేను ఈ ఇంట్లో ఉండాలి," అంది.

"అలాగే చెప్పు," అంది కన్యకమ్మ.

మసి ఎండిన తోలుసంచిలా తేలిగ్గా ఉంది. బుట్టలో పెట్టగానే బెల్లం దాని పక్కకు జరిగి ఆనుకుంది. మసి కళ్లు తెరవలేదు. ముక్కు మాత్రం కదిలింది.

వెనకనుంచి నరహరి అరుపులు వినపడ్డాయి. "దొంగతనం చేసి పోతోంది, చూడండి. మూఢంలో లక్ష్మిని గడప దాటిస్తోంది." బజారంతా చూసింది. ఎవరూ ఆపలేదు, ఎవరూ తోడు రాలేదు. ఆమె ఎండలో ఉప్పుమళ్ల గట్టు మీద నడుచుకుంటూ పోయింది.

చుక్కమ్మ బుట్టలోకి చూసి, "ఇది బతుకుతాదా?" అంది.

"తెలియదు. చెప్పాల్సింది చెబుతాను, వినండి."

"పాలల్లో చేతులు ముంచి ఇయ్యాల గాని, నా మేక వట్టిపోయింది. నీళ్లు చాలు," అంటూ చుక్కమ్మ చెంబు ముందుకు జరిపింది.

కన్యకమ్మ చేతులు తడుపుకుంది. ఒక్కొక్కదాన్నీ ఎత్తి చుక్కమ్మ చేతుల్లో పెట్టింది.

"ఇది బెల్లం. గరిక ఎప్పుడూ ముందుండాలి, ఖాళీ పెట్టకూడదు. కొత్తిమీర కాడలంటే ఇష్టం. ఉసిరికాయ చిన్న ముక్క పెడితే ఒంటికి మంచిది, మొదట మొహం చిట్లిస్తుంది, తర్వాత తింటుంది. చెమ్మ తగలనివ్వకండి. పైనుంచి చెయ్యి పెట్టకండి, గద్ద అనుకుంటుంది. ఇది మసి. సిగ్గు ఎక్కువ. మొహం మీదికి వెళ్లి పలకరిస్తే మూల దూరుతుంది. పక్కన కూర్చుని మీ పని మీరు చేసుకోండి, అదే వస్తుంది. తీపి పెట్టకండి. ఎవరు తెచ్చినా పెట్టనివ్వకండి. ఈ రెండింటినీ ఎప్పుడూ విడదీయకండి."

"విడదియ్యను," అంది చుక్కమ్మ.

"చెప్పాల్సింది ఇంకేదో ఉండాలి," అంది కన్యకమ్మ.  ఏమీ గుర్తురాలేదు. ఆమెకు తెలిసినదంతా అయిపోయింది.

"నేను వచ్చి చూడొచ్చా?"

"కొన్నాళ్లు రాకు. నిన్ను చూస్తే ఈ చోటు తమది కాదనుకుంటాయి. నువ్వు రాకపోతేనే ఇక్కడ కుదురుకుంటాయి."

కన్యకమ్మ తలూపింది. ఖాళీ బుట్ట కూడా అక్కడే వదిలేసి వచ్చింది.

మసి బతికింది. బెల్లం నోట్లోని గడ్డిపరక రెండోకొస పట్టుకుని లాగి తినడం మొదలుపెట్టింది, ఆ తర్వాత తన గడ్డి తాను తిన్నది. వెంట్రుకలు మళ్లీ వచ్చాయి. కూత మాత్రం మళ్లీ ఎన్నడూ పెట్టలేదు.

మరి కన్యకమ్మకు ఏం జరిగింది? ఊరు మెచ్చుకుందా? లేదు. కూర్మయ్య ఆమెను ఇంట్లోంచి వెళ్లగొట్టలేదు, వంట ఎవరు చేస్తారు మరి. కానీ ఆనాటినుంచి ఆమెకు లక్ష్మిని తరిమిన మనిషి అని పేరు పడింది. ఓడ ఆలస్యమైతే ఆమె వల్ల. మోకు తెగితే ఆమె వల్ల. వాన పడి పీచు తడిస్తే, వాన పడక కొబ్బరితోట ఎండితే, రెండూ ఆమె వల్లే. రంగనాయకి కూడా నలుగురిలో తలూపేది, సందులో ఎదురైతే కళ్లు దించుకునేది.

అన్నిటికంటే చేదు సంగతి ఇది. ఇద్దరూ కలిసి ఆమెను తిట్టుకోవడం వల్ల అన్నదమ్ములకు మళ్లీ పొత్తు కుదిరింది. మొదట వీధి అరుగు మీద పక్కపక్కన కూర్చుని తిట్టారు. తర్వాత ఒకరింట్లో ఒకరు కాఫీలు తాగుతూ తిట్టారు. మాటిమాటికీ చుట్టూ తిరిగి రావడం ఎందుకని, పనివాళ్లను పిలిచి గోడ మొత్తం పడగొట్టించారు. ఒక్క కన్నం కోసం ఆమె గడపగడపా ఎక్కి దిగిన గోడ అది.

గోడ పోయాక, ఒకటైన ఇంటికి శుభం కావాలని, అన్నదమ్ములిద్దరూ కలిసి ఒక నక్షత్ర తాబేలును కొని తెచ్చారు. దానికి కుబేరుడు అని పేరు పెట్టారు. ఇత్తడి పళ్లెంలో కూర్చోబెట్టి, డిప్ప మీద కుంకుమ అద్దారు. తాబేలు తల లోపలికి లాక్కుంది.

"కన్యకం, హారతి తీసుకురా," అని కేకేశాడు కూర్మయ్య.

కన్యకమ్మ ఖాళీ చేతులతో వచ్చింది. పళ్లెం ముందు నిలబడింది.

"ఇది ఏం తింటుంది?" అని అడిగింది.

కూర్మయ్య తమ్ముడివైపు చూశాడు. నరహరి అన్నవైపు చూశాడు.

"నువ్వు చూసుకుంటావుగా," అన్నాడు కూర్మయ్య.

"చూసుకోను," అంది కన్యకమ్మ. "చేతకాక కాదు. నేను చూసుకుంటే మీరు ఇంకోదాన్ని తెస్తారు, దాని తర్వాత ఇంకోదాన్ని. ఇది ఏం తింటుందో, దేనికి బెదురుతుందో మీ ఇద్దరిలో ఎవరైనా చెప్పండి. చెప్పినవాళ్లే ఉంచుకోండి. లేకపోతే ఇప్పుడే చుక్కమ్మకు అప్పగించి వస్తాను. ఇప్పటికే లక్ష్మిని తరిమినదాన్ని. కుబేరుణ్ణి కూడా తరిమిందంటారు, అంతే కదా."

 పళ్లెంలో కర్పూరం వెలగకుండానే హరించుకుపోతోంది. కన్యకమ్మ కొంగు తడిపి తాబేలు డిప్ప మీది కుంకుమ తుడిచింది. పక్కనుంచి చెయ్యి పెట్టి ఎత్తుకుని, వీధి గుమ్మంలోంచే బయటికి నడిచింది. ఈసారి నరహరి కూడా అరవలేదు.

నీతి ఏమిటంటే పిల్లలూ, ప్రాణిని తెచ్చుకునేవాళ్లు పేరు వెతికే ముందు దాని ఆకలి తెలుసుకోవాలి, ఆ ఆకలి తీరే చోటు మన ఇల్లు కాదని తెలిసిన రోజున, ఎవరేమన్నా సరే, ఆ చోటికి దాన్ని చేతులారా చేర్చడమే పెంపకంలో చివరి పని.